ఎక్కిరించడానికీ వరస ఉండాలి

ఆ కాలంలో గరివిడిలో ఎవరి గొంతు ఎంతో తెలుసుకోవాలంటే మా మావయ్య పిండిమరకి వస్తే సరిపోయేది. మర తిరుగుతున్నంతసేపూ పక్కనున్న మనిషికి వినపడాలన్నా అరవాల్సిందే. అలా అరిచి అరిచి అలవాటైపోయి, కరెంటు పోయి మర ఆగిపోయినా అక్కడి గొంతులు మాత్రం ఆగేవి కావు. "మీ ఆవిడికి జరం తగ్గిందేటి?" అని ఒకాయన మరో ఆయన్ని అడిగితే వీధి చివర కూరలమ్మే ఆవిడ "తగ్గిందంట!" అని జవాబు చెప్పేది. అంతటి గొంతుల మధ్య, గొంతన్నది ఉందో లేదో తెలియని మనిషిని నేనొక్కదాన్నే. నరసన్నపేట దగ్గర పల్లె మాది. ఇంటర్ చదవడానికి అమ్మ నన్ను తన తమ్ముడింట్లో దింపి వెళ్ళింది. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు నేను పలికితే మాస్టారికి వినపడక గైర్హాజరు వేసేవారు. (నిలబడి చెయ్యెత్తొచ్చు కదా అంటారేమో. నిలబడితే అందరూ చూస్తారు కదండీ.) ఇంటికొచ్చాక మర వెనక గదిలో, బియ్యం బస్తాల మీద కూర్చుని, చేతికి దొరికిన కథల పుస్తకమల్లా చదువుకునేదాన్ని. రోజుకో పేజీ డైరీ రాసుకునేదాన్ని. మాట్లాడాల్సిన మాటలన్నీ అందులో మాట్లాడేసేదాన్ని కాబట్టి బయట పెద్దగా మిగిలేవి కావు.

ఆ గదిలో కూర్చునే నేను బేస్‌బాల్ నేర్చుకున్నాను. ఆడటం కాదు, ఆ ఆట గురించి తగువులాడటం. గరివిడిలో క్రికెట్ టీములో చోటు దొరకని కుర్రాళ్ళందరినీ పోగేసి, ఒక డ్రిల్లు మాస్టారు ఎక్కడినుంచో బ్యాటూ గ్లోవులూ తెచ్చి ఈ ఆట నేర్పించారు. నరసన్నపేటలోనూ ఇలాగే ఇంకో మాస్టారు, ఇలాగే చోటు దొరకని ఇంకో కుర్రాళ్ళ గుంపు. చుట్టుపక్కల మరే ఊళ్ళోనూ ఈ ఆట లేదు. అందువల్ల ఆడాలన్నా, గెలవాలన్నా, పగబట్టాలన్నా వాళ్ళకి మేము, మాకు వాళ్ళు. ఏడాదికొక్క మ్యాచ్. మిగిలిన ఏడాదంతా దాని మీద చర్చ. సోళ్ళు (అంటే రాగులు) ఆడించుకోవడానికి వచ్చినవాళ్ళు పిండి సంచీ భుజానికెత్తుకుని, కనుబొమ్మల మీద తెల్లటి పొడితో, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి మరో అరగంట వాదించి వెళ్ళేవారు.

నేను వెళ్ళిన ఏడాది ఆ చర్చంతా ఒక్క బంతి మీదే నడిచింది. నరసన్నపేట టీములో బంతి విసిరేవాడు ఎడంచేతివాటం కుర్రాడు. అందరూ 'ఎడంచెయ్యి' అనే పిలిచేవారు. మా టీములో బాగా కొట్టేవాడు గుమ్మడి. (మనిషి గుండ్రంగా ఉండేవాడు. అసలు పేరు వాళ్ళమ్మకి తెలుసేమో.) అంతకుముందు మ్యాచ్‌లో ఎడంచెయ్యి విసిరిన బంతి గుమ్మడి భుజానికి తగిలి, గుమ్మడి కింద కూలబడ్డాడు. తగలడం ఒక ఎత్తు. తగిలాక ఎడంచెయ్యి నవ్వాడట! అదీ అసలు నేరం.

"కావాలనే కొట్టినాడ్రా ఆడు!" అని మావయ్య మర శబ్దాన్ని మించి అరిచేవాడు. "సేతిలోంచి జారిపోయిన బంతైతే ముకం అలగుంటాదేటి? పళ్ళన్నీ అవుపడీలాగ నవ్వినాడు. నా కళ్ళతో సూసినాను."

"జారిపోయుంటాదిలే బాబూ, ఎడంసేతోళ్ళ బంతి కుదురుగా రాదు," అనేవాడు గేటు పెద్దాయన. రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. గేటు వేసినప్పుడు అటూ ఇటూ ఆగిపోయినవాళ్ళ తగువులు తీర్చి తీర్చి, ఊళ్ళో ఏ తగువుకైనా ఆయనే పెద్ద అయిపోయాడు.

"జారితే జారింది. నవ్వుడేటి? నవ్వు కూడా జారిపోనాదేటి?" అనేవాడు మావయ్య.

దాంతో పెద్దాయన పిండి సంచీ ఎత్తుకుని లేచేవాడు.

ఇక్కడ మావాళ్ళ తప్పూ చెప్పాలి. ఆ నవ్వు చూసి ఒళ్ళు మండి మావాళ్ళు గట్టు మీద నుంచి ఎడంచెయ్యి తల్లినీ తండ్రినీ కలిపి అనరాని మాటలన్నీ అన్నారు. అతను గ్లోవు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. వెనకే వాళ్ళ టీమంతా. మ్యాచ్ సగంలో ఆగిపోయింది. "ఈ ఏడు మేం రాం. తిట్లు తినడానికి అంత దూరం బస్సెక్కి రావాలేటి?" అని నరసన్నపేట నుంచి కబురొచ్చింది. వాళ్ళు రాకపోతే మావాళ్ళకి ఆడటానికి ఎవరూ లేరు. డ్రిల్లు మాస్టారు గ్లోవులు బీరువాలో పెట్టి తాళం వేసేశారు. గుమ్మడి అయితే అన్నం మానేశాడన్నారు. (మానేసి చపాతీలు తిన్నాడని తరవాత తెలిసింది.)

గేటు పెద్దాయన అక్కడి పెద్దలతో ఫోన్‌లో మాట్లాడి, అటూ ఇటూ నచ్చజెప్పి, చివరికి రాజీ కుదిర్చాడు. మరలో అందరి ముందూ నిలబడి చెప్పాడు: "ఎక్కిరింపు నేకపోతే ఆట సప్పగా ఉంటాదని ఆళ్ళూ ఒప్పుకున్నారు. కానీ వరసుండాల. బావైనోడు బావని ఎక్కిరిస్తే అది సరసం. మరొకడు అంటే అది తిట్టు. పెళ్ళిలో మనం సేసీదదే కదా? మైదానంలోనూ అంతే. ఆ ఆటగాడికి బావో మరదలో అయినోళ్ళే నోరిప్పాల. మిగతావోళ్ళు సప్పట్లు కొట్టుకోవాల."

ఇంత న్యాయమైన తీర్పు విని అందరూ సంతోషించారు. ఆ సంతోషం ఎడంచెయ్యికి గరివిడిలో ఎవరు ఏమవుతారో లెక్క తీసేదాకా ఉంది. ఒకడికి అతను తమ్ముడి వరస. ఒకడికి అల్లుడి వరస, అల్లుణ్ణి గట్టిగా అంటే రేపు కూతురి కాపురం ఎలాగ? మా మావయ్య ఎంతో ఆశగా తన వంతు కోసం చూశాడు. ఎడంచెయ్యి తండ్రి మా నాన్నకి మేనత్త కొడుకు.

"ఆడి బాబు మీ బావకి బావ. నువ్వూ మీ బావకి బావమరిదివే. అంటే నువ్వూ ఆడి బాబూ అన్నదమ్ములు. ఆడు నీకు కొడుకవుతాడు," అని పెద్దాయన తేల్చేశాడు. "కొడుకుని మందలించొచ్చు. ఎక్కిరించకూడదు."

మావయ్య ముఖం మాడిపోయింది. అంతలోనే ఏదో తట్టి మళ్ళీ వెలిగిపోయింది. వెనక గది వైపు తిరిగాడు. "ఆడి బాబు మా బావకి బావైతే, ఆడు మా కోడలు పిల్లకి బావే కదేటి!"

బియ్యం బస్తాల మీద నేను పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. పిండిమర చరిత్రలో మొదటిసారి అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు.

"ఈ గుంటా? ఈ గుంట మాటాడతాదేటి?" అని ఎవరో మెల్లిగా అన్నారు. (మెల్లిగా అంటే మర కొలతలో మెల్లిగా.)

"ఎందుకు మాటాడదు? నా మేనకోడలు! మైదానం దద్దరిల్లిపోవాల!" అని మావయ్య నన్నడక్కుండానే మాటిచ్చేశాడు. అప్పటికప్పుడే నరసన్నపేటకి ఫోన్ కూడా వెళ్ళిపోయింది, మా తరఫున ఫలానా మరదలు అరుస్తుందని. ఇక నేను నోరు తెరవకపోతే పోయేది నా పరువు కాదు, మావయ్యది.

శిక్షణ అత్త తీసుకుంది. వంటింట్లో రోకలి నిలబెట్టి, "ఇదే నీ బావనుకో, ఎక్కిరించు," అనేది. నేను రోకలి ముందు తలవంచుకుని నిలబడేదాన్ని. "ఓలమ్మా, రోకలికే సిగ్గుపడితే ఎలాగే! 'ఒరే బావా, నీ సెయ్యి సూస్తే తోటకూర కాడ నాగుంది' అను!" అనేది. నాకేమో ఎవరినైనా 'ఒరే' అనాలంటే నాలుక తిరిగేది కాదు. ఆ రాత్రుళ్ళు డైరీలో ఎక్కిరింపులు రాసి పెట్టుకున్నాను గానీ, అవన్నీ చదివిన పుస్తకాల భాషలో వచ్చాయి. 'నీ బాహువులు నిర్వీర్యములు' అని రాసుకుని, చదువుకుని, నేనే దడుచుకుని కొట్టేశాను.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. గట్టు మీద ఒకవైపు మావాళ్ళు, ఎదురుగా బస్సు దిగిన నరసన్నపేటవాళ్ళు. నేను అత్త వెనక, అత్త చీర కొంగు వెనక. ఆట మొదటినుంచీ సమానంగానే నడిచింది. మిగతా ఆటగాళ్ళకి వాళ్ళ వాళ్ళ బావలు బాగానే న్యాయం చేశారు. ఎడంచెయ్యి బంతి పట్టుకున్నప్పుడల్లా మావయ్య నా వైపు చూసేవాడు. నేను ఆకాశం వైపు చూసేదాన్ని. ఆఖరి వంతుకి రెండు టీముల పరుగులూ సరిసమానం. పరుగుదారి మధ్య మజిలీల్లాంటి మూడు బేసుల్లోనూ మావాళ్ళు నిలబడి ఉన్నారు. బ్యాట్ పట్టుకుని వచ్చినవాడు గుమ్మడి. బంతి ఎడంచెయ్యి చేతిలో. ఏడాదిగా మరలో నలిగిన మనుషులిద్దరూ మళ్ళీ ఎదురెదురుగా నిలబడ్డారు.

"కోడలు పిల్లా! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడే?" అన్నాడు మావయ్య. మొట్టమొదటిసారి ఆ గొంతులో ఆజ్ఞ లేదు, బతిమాలడం ఉంది. అదే నన్ను లేపింది. నేను నిలబడ్డాను. నేను అరిచి ఉంటే ఆ గోలలో కలిసిపోయేది. కానీ ఒప్పందం ప్రకారం వరస ఉన్న మనిషి లేచిందని గేటు పెద్దాయన చెయ్యెత్తాడు. గేటు పడ్డట్టు రెండు గట్లూ గప్‌చిప్ అయిపోయాయి. ఎడంచెయ్యి కూడా బంతి పట్టుకుని మర్యాదగా నా వైపు తిరిగి, ఎక్కిరింపు కోసం వేచి చూశాడు.

తోటకూర కాడ గుర్తు రాలేదు. ఏదీ గుర్తు రాలేదు. ఏడాదిగా ఆ గదిలో కూర్చుని నేను నిజంగా తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే గుర్తొచ్చింది.

"బావగారూ," అన్నాను. "నిరుడు మా గుమ్మడి అన్నయ్యకి బంతి తగిలినప్పుడు మీరు నవ్వారట. బాధపడుతున్న మనిషిని చూసి మీకు నవ్వు రావడానికి కారణమేమిటో దయచేసి చెప్పగలరా?"

పరీక్ష పేపర్లో ప్రశ్నలా ఉంది. మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినపడిందని తరవాత అందరూ చెప్పారు. అత్త నుదురు కొట్టుకుంది. ఎడంచెయ్యి బంతి పట్టుకున్న చెయ్యి కిందికి దించేశాడు. ఏడాదిగా అతన్ని తిట్టినవాళ్ళున్నారు గానీ అడిగినవాళ్ళు లేరు కాబోలు.

"నానెక్కడ నవ్వినాను మరదలా!" అని అతను అక్కణ్ణుంచే అరిచాడు. "నాకు బయ్యమేస్తే పళ్ళు అయ్యే బయటికొచ్చెత్తాయి! గుమ్మడిగాడు పడిపోతే సచ్చిపోనాడేమోనని గుండాగిపోనాది. సూడు, ఇప్పుడూ వచ్చీసినాయి!"

నిజమే. పళ్ళన్నీ బయటే ఉన్నాయి. కళ్ళలో మాత్రం నీళ్ళున్నాయి. అవతలి గట్టు మీద నుంచి ఒకావిడ లేచింది. అతని తల్లి. "అవునమ్మా! సిన్నప్పట్నుంచీ అంతే! సూదిమందు ఏస్తన్నా పళ్ళికిలించీవోడు. బడిలో కూడా ఈ ముకానికే దెబ్బలు తిన్నాడు నా కొడుకు!"

రెండు గట్లూ ఒక్కసారి పగలబడి నవ్వాయి. గుమ్మడి బ్యాట్ మీద వాలిపోయి నవ్వాడు. అక్కడితో బాగానే ఉండేది. కానీ ఆట ఇంకా మిగిలి ఉంది. పాపం ఎడంచెయ్యికి ఇప్పుడు ఊరంతా తన పళ్ళే చూస్తోందన్న స్పృహ వచ్చేసింది. బంతి విసరబోయే ముందు నోరు మూసుకునేవాడు. చెయ్యి తిప్పేసరికి పెదాలు విడిపోయేవి. మధ్యలో గ్లోవు అడ్డం పెట్టుకోబోయేవాడు. బంతి ఒకటి గుమ్మడి తల మీదుగా, మరొకటి కాళ్ళ ముందు, ఇంకోటి మైదానం గురించి ఏ ఆలోచనా లేని ఒక మేక వైపు వెళ్ళాయి. నాలుగోదీ దారి తప్పింది. ఆ ఆటలో నాలుగు బంతులు తప్పితే బ్యాట్ పట్టినవాడు ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోవచ్చు. అప్పటికే బేసుల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కటి ముందుకి జరుగుతారు, మూడో బేస్‌లో ఉన్నవాడు బయల్దేరిన చోటికి చేరితే పరుగు. అలా గుమ్మడి బ్యాట్ ఊపకుండానే మాకు పరుగొచ్చింది. గెలిచాం.

మావయ్య నన్నెత్తుకున్నంత పని చేశాడు. ఇక చర్చంతా తీరిపోయిందని నేననుకున్నాను. మర్నాడే నరసన్నపేట నుంచి ఫోన్ వచ్చింది. "మేం ఎక్కిరింపుకి ఒప్పుకున్నాం గానీ పలకరింపుకి ఒప్పుకోనేదు. ఎక్కిరిస్తే మా కుర్రోడు తట్టుకుంటాడు. అంత మర్యాదగా అడిగితే ఎవుడు తట్టుకుంటాడు?"

మరలో మళ్ళీ సభ కూడింది. ఈసారి ముద్దాయిని నేను. "అడిగితే తప్పేటి? కడుపులో ఉన్నది అడిగీసింది!" అని మావయ్య. "కానీ న్యాయానికి అది ఎక్కిరింపు కాదు," అని గేటు పెద్దాయన. "ఆమాటకొస్తే నానూ ఆ బంతికి కొంచెం ముందుకొంగినాన్రా," అని ఒక మూలనుంచి గుమ్మడి ఒప్పుకున్నాడు గానీ అప్పటికి అతని భుజం ఎవరికీ అక్కర్లేదు. ఒక క్రీడాకారిణికి (అంటే నాకు) అలాంటి ప్రవర్తన తగునా తగదా అని సోళ్ళపిండి సంచీలు మోసుకుంటూ ఏడాదంతా వాదించుకున్నారు. నేను గోడకి అవతల బస్తాల మీద కూర్చుని, రెండు వైపులా న్యాయం ఉందని డైరీలో రాసుకున్నాను. చివరికి, వచ్చే ఏడు నేను నరసన్నపేట వెళ్ళి ఎడంచెయ్యిని పద్ధతిగా, అందరి ముందూ, 'ఒరే' అని ఎక్కిరించి రావాలని తీర్పయింది. నేను అంతలోనే డిగ్రీకి విజయనగరం హాస్టల్‌కి వచ్చేశాను. ఎడంచెయ్యికి ఉద్యోగం వచ్చి ఎటో వెళ్ళిపోయాడు. ఆ తీర్పు అమలు కానేలేదు.

ఇప్పుడు నేనో ఆఫీసులో పనిచేస్తున్నాను. మీటింగు చివర "ఎవరైనా ఏమైనా అడగాలా?" అంటారు. అడగాల్సినవి నాకు బోలెడుంటాయి. బల్ల మీది గీతలు చూస్తూ కూర్చుంటాను. రెండు ఊళ్ళు నోరు మూసుకుని వింటుంటే ఎవరూ అడగని మాట అడిగేసిన ఆ పిల్ల ఎక్కడికి పోయిందా అని అప్పుడప్పుడు వెతుక్కుంటాను. పోయిన వారం మాత్రం నోరు తెరిచాను. అందరూ తిరిగి చూశారు. "ఫ్యాను కొంచెం తగ్గిస్తారా?" అన్నాను. తగ్గించారు. ఇంటికి నడిచి వస్తూ, దారిపొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ పిల్ల చూసుంటే పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వనీ.