రొట్టెలాయన కిటికీ కింద కీరదోస

బేకరీ వెనక గదిలో అద్దెకుండే కీరదోసలక్క రొట్టెలాయన మీద కన్నేసిందని మా వీధిలో పుట్టిన మాట పచ్చి అబద్ధం. పుట్టించినవాళ్లెవరో నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. కూపీ లాగింది నేనే కనుక అసలు సంగతి రాస్తున్నాను.

ఆమె గాజు షెడ్డులో కూరగాయలు పెంచే పనికి వెళ్తుంది. మధ్యాహ్నం డ్యూటీ. పొద్దునపూట కీరదోస కుండీల్ని చక్రాల చెక్క మీద గడగడా తోసుకొచ్చి, బేకరీ వెనక కిటికీ కింద పెట్టి, పక్కనే స్టూలు వేసుకుంటుంది. లోపల రొట్టెలాయన పిండి కలుపుతుంటాడు. ఇంకేం కావాలి మనవాళ్లకు!

మాట రొట్టెలాయన భార్య చెవిన పడింది. బేకరీ, ఆ గదీ ఆవిడ పుట్టింటివారివి.

"నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యి!" అని వీధంతా వినేలా అరిచింది.

"కిటికీ మీదే. ఎండ మీది కాదుగా. రేపూ ఇక్కడే కూర్చుంటా" అంది కీరదోసలక్క. మర్నాడు ఇంకో కుండీ ఎక్కువే తెచ్చింది.

ఇక నేను ఊరుకోగలనా? పీట తీసుకెళ్లి ఆమె పక్కన చతికిలబడ్డాను. బేకరీ ఆవిడ తలుపు సందులో చెవి పెట్టింది.

"ఏమ్మాయ్, వీధంతా ఎండే కదా, ఈ కిటికీ కిందే ఎందుకే?"

"ఇన్నాళ్లకి నన్నడిగిన మనిషివి నువ్వే పిన్నీ. మా షెడ్డులో ఎండెక్కగానే గొట్టాల్లోంచి బొగ్గుపులుసు గాలి వదుల్తారు. మనం బయటికి వదిలే ఊపిరిలో ఉండేదే. ఆకులు దాన్ని పీల్చుకుని, ఎండ బలంతో నీళ్లలో కలిపి చక్కెర చేసుకుంటాయి. తీగ, కాయ, అన్నీ ఆ చక్కెరతో కట్టుకున్నవే. నాకిక్కడ గొట్టాలు ఎవరేస్తారు? పొంగే పిండిలోంచి వచ్చేదీ ఆ గాలే. బరువైన గాలి, కిటికీలోంచి కిందికి దిగుతుంది. సగం ఎగిరిపోతుందనుకో, పోనీ."

అప్పుడు తలుపు తెరుచుకుంది. "అయితే మా ఆయన కోసం కాదా?" అంది బేకరీ ఆవిడ, సూటిగా.

కీరదోసలక్క స్టూలు మీంచి లేవలేదు.

"మీ ఆయన్ని మీరే ఉంచుకోండమ్మా, నాకు ఆయన పిండి చాలు. గది ఖాళీ చెయ్యను. నా గురించి చెప్పుకునేవాళ్లని ఈ కుండీల దగ్గరికొచ్చి చెప్పుకోమనండి. ఆ ఊపిరైనా కాయలకి పనికొస్తుంది."