చీపురు పుల్లకు అందని మడమ

మా నాన్న పాదాలకు స్పర్శ తెలియదు. షుగరు. ఒక వేలు ఇప్పటికే తీసేశారు. ఇక చిన్న గాయాన్ని పట్టించుకోకపోయినా పాదం దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెప్పుల్లో సాక్స్ వేసుకోమన్నాడు కానీ, కొన్న సాక్స్ రబ్బరు కాలి చుట్టూ వాత పెట్టినట్టు పడుతోంది. మెత్తటి నూలుతో నేనే అల్లుతానన్నాను. నా నోరు ఊరుకోదు కదా!

ఇల్లందులో నాకు పిన్ని లాంటి మా పక్కింటి ఖాలాకు అల్లిక బాగా వచ్చు. వాళ్ళది టైలర్ల కుటుంబం. మా వీధి పిల్లల స్వెట్టర్లు సగం ఆమె చేతివే. ఆమె దగ్గర కూర్చుని పైనుంచి చీలమండ దాకా వారంలో దించేశాను. ఇంతేనా అనుకున్నాను. మడమ దగ్గరికి వచ్చేసరికి నా తిక్క కుదిరింది.

మడమకు వరుస చివరిదాకా పోకూడదు. మధ్యలోనే వెనక్కి తిరగాలి. తిరిగినప్పుడల్లా ఒక కుట్టు వదిలేసి, సగమయ్యాక వదిలేసినవన్నీ ఒక్కొక్కటిగా కలుపుకుంటూ రావాలి. అప్పుడు అల్లిక గిన్నెలా వంగుతుంది. ఖాలా చేతిలో బుద్ధిగా వంగేది. నా చేతిలో తిరిగిన చోటల్లా బొక్క పడేది. ఒకరోజు కోపమొచ్చి సూదులు మంచం కిందికి విసిరేశాను. మళ్ళీ నేనే వంగి తీసుకున్నాను, ఇంకెవరు తీస్తారు?

చివరికి బొక్కలు పోయాయి. నాన్న గదిలోకి పోయి తొడుక్కుని వచ్చాడు. మడమ వెనక సంచిలా వేలాడుతోంది. విప్పి మళ్ళీ అల్లాను. మళ్ళీ సంచే.

కొలత తప్పు కాదని నా ధీమా. మా వైపు ఇంట్లోవాళ్ళకు చెప్పులు కొనాలంటే పాదం పక్కన చీపురు పుల్ల పెట్టి, బొటనవేలి దగ్గర తుంచి, ఆ ముక్క పట్టుకుని బజారుకు పోతారు. చిన్నప్పుడు నా చెప్పులన్నీ నాన్న అట్లాగే తెచ్చాడు. ఇప్పుడు తన పుల్ల తనే తుంచి ఇచ్చాడు. వేలు తీసేసినప్పటి నుంచి పాదాలు ఎవరికీ చూపించడు. దగ్గరికి పోతే లుంగీ కిందికి లాక్కుంటాడు.

ఖాలా కొలత అడిగితే ఆ పుల్ల చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతిలోనే పెట్టింది.

“ఇది పొడుగు చెప్తది బేటీ, మడమ చెప్పదు. మీ నాయన మడమ ఎన్నడన్నా పట్టి చూసినవా?”

లేదు. సిగ్గేసింది.

మర్నాడు పొద్దున నాన్న వరండాలో చాయ్ తాగుతుంటే దారం తీసుకుని కింద కూర్చున్నాను. కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. బిడ్డతో కాళ్ళు పట్టించుకునేంత ముసలోణ్ణి కాలేదన్నాడు. అయితే సంచులే తొడుక్కుని తిరుగు, నేను ఇంకోసారి విప్పను అన్నాను. నాన్న రెండు గుక్కలు చాయ్ తాగాడు. తర్వాత మొహం గేటు వైపు తిప్పుకుని ఒక కాలు చాపాడు.

మడమ చుట్టూ దారం చుట్టాను. తీసి చూస్తే తెల్ల దారం మీద ఎర్రటి మరక. వెనక వైపు, కందిగింజంత పుండు. నేను వేలితో తాకినా నాన్న చాయ్ తాగుతూనే ఉన్నాడు. దారం అక్కడే పడేసి ఆటో పిలిచాను.

దవాఖానాలో ముల్లు ముక్క తీశారు. పుండు ఇంకా లోపలికి పోలేదు, పాదానికి ఏం కాదన్నారు. కట్టు కట్టిన ఆ మూడు వారాల్లో, దారం కొలత ప్రకారం కుట్లు తగ్గించి మడమ పూర్తి చేశాను.

కట్టు విప్పాక సాక్స్ నేనే తొడిగాను. మడమ సరిగ్గా పట్టింది. అయినా అలవాటు కొద్దీ ఎట్లుందని అడిగేశాను.

“నాకేం తెలుస్తది బిడ్డా, నువ్వే చూసి చెప్పు,” అని నాన్న రెండో కాలు కూడా నా ఒళ్ళో పెట్టాడు.