పత్తికి పళ్ళుంటాయా?

నా పత్తి కవితకు కవి సమ్మేళనం అధ్యక్షులవారు దిద్దబట్టే అంత పేరొచ్చిందని ఆదోనిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన దిద్దిన మాట నిజమే. పేరొచ్చింది మాత్రం ఆయన కొట్టేసిన వాక్యానికి.

అప్పటికి నేను ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. స్వచ్ఛంద విరమణ ఇంకా తీసుకోలేదు. ఆదోని ఉగాది కవి సమ్మేళనానికి పిలుపొచ్చింది. అక్కడొక పద్ధతి ఉండేది. కవిత ముందుగా పంపాలి, అధ్యక్షుడు దిద్దుతాడు, ఆయన సంతకం పెట్టిన ప్రతినే వేదిక మీద చదవాలి. సంతకం లేకపోతే పేరు పిలవరు. దీన్ని పరిష్కరణ అనేవారు. అధ్యక్షుడు రిటైరైన తెలుగు శాఖాధిపతి.

మా ఇంట్లో కన్నడం. తెలుగు నాకు బడిలో, పుస్తకాల్లోంచి వచ్చింది. అలా వచ్చిన భాషతో ఒక చిక్కుంది: కలం పట్టగానే పాఠ్యపుస్తకం మాట్లాడుతుంది. అందుకని నేను నోటితో ఎన్నడూ అనని ప్రతి మాట కిందా గీత గీసి, ఒక్కొక్కటే తీసేశాను. కాయ పగిలితే పత్తి నవ్విందని మా అమ్మ కన్నడంలో అంటుంది. దాన్ని పట్టుకుని రాశాను:

"పత్తి నవ్వింది.
దాని పళ్ళు పీకింది జిన్నింగు మిల్లు."

పళ్ళంటే జిన్నింగు మిల్లు దూదిలోంచి వేరుచేసే గింజలు. ఆదోనిలో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

ప్రతి తిరిగొచ్చింది: "శ్వేతసుమము వికసించె, యంత్రము బీజముల వేరుచేసె." నేను కష్టపడి వదిలించుకున్న పుస్తకాన్ని తెచ్చి మళ్ళీ నా నోట్లో కుక్కారు! నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను.

"పత్తికి పళ్ళేందమ్మా? తెలుగులో అట్లనరు," అన్నారు.

"మా ఇంట్లో అంటాం సార్."

"అయితే కన్నడంలోనే రాసుకోమ్మా."

"కన్నడం మా అమ్మ ఇచ్చింది సార్. తెలుగు నేను సంపాయించుకునింది. రెండిట్లో ఏదీ ఇడిసిపెట్టను. అర్థం కాని మాట యాడుందో సూపీండి, ఈడనే మారుస్తా."

ఆయన చూపలేకపోయారు. మిగతాచోట్ల ఆయన దిద్దుబాట్లు మంచివే. సాగదీసిన ముగింపును కోసేశారు, రెండుసార్లు చెప్పినదాన్ని ఒకసారికి తెచ్చారు. అవన్నీ ఒప్పుకున్నాను. ఆ రెండు పాదాలు మాత్రం వదులుకోలేదు. "నవ్వులపాలైతే నన్ననొద్దు," అంటూ సంతకం పెట్టారు.

నవ్వారు. ఆ వాక్యం దగ్గర సభంతా నవ్వింది. చూశావా అన్నట్టు అధ్యక్షులవారు నావైపు తల తిప్పారు. అంతలో ముందు వరుసలోంచి ఒక జిన్నింగు మిల్లు యజమాని లేచి, "అక్కా, మేం సేసేది అదేనక్కా! ఇంగోసారి సెప్పు!" అని అరిచాడు.

"పళ్ళు పీకే సావుకారీ, కూసోప్పా, మాకూ ఇనపడనీ!" అన్నారు వెనకనుంచి.

ఆ పాదాలు మూడుసార్లు చదివించారు. ఆ రోజు మళ్ళీ చదవమని అడిగిన కవిత ఇంకొకటి లేదు.

అర్థం కోసం దిద్దేవాళ్ళ మాట వినాలి. మాట్లాడే మనిషినే మార్చేవాళ్ళతో పోట్లాడాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ వేదిక మీద నేను తప్ప కవులంతా పుట్టుకతో తెలుగువాళ్ళు. అందరి కవితల్లోనూ అధ్యక్షులవారి గొంతే వినిపించింది. వాళ్ళలో ఒక్కరైనా ఎందుకు కాదనలేదు?