ఎర వేసిన రథం

లోక్‌కి పుట్టుకతోనే అనుమానం. కంతో అనే ఊరి రేవులో నలభై ఏళ్లు పడవ ఇంజన్లు బాగుచేసి బతికినవాడు. ఇంజను బాగానే ఉందని పడవవాడు ఒట్టేసినా నమ్మడు, చెవి ఆనించి వినాల్సిందే. అలాంటివాడి గుండెలో కొత్త కవాటం అమర్చారు. అది పక్కవాళ్లకి కూడా వినపడేలా టిక్కుటిక్కుమంటుంటే ఇక ఊరుకుంటాడా? జావలో వేసే చేపసాసులో నీళ్లు కలుపుతున్నావని పెళ్లాం క్వేన్‌ని నిలదీశాడు. నిజమే, ఉప్పు తగ్గాలని కలుపుతోంది. పట్టుకున్నందుకు ఆ పూటంతా తెగ సంబరపడ్డాడు.

చదరంగం సంగతి మాత్రం వేరు. కాలవగట్టు మీది కాఫీ కొట్లో స్నేహితుడు సాంగ్‌తో ముప్పై ఏళ్లుగా రోజూ ఆట, రథాలతోపాటు ఫిరంగి పావులు కూడా ఉండే తమ దేశపు చదరంగం. పదాటల్లో ఏడు సాంగ్‌వే. ఆపరేషనయ్యాక మూణ్నెల్లుగా లోక్ ఒక్కటీ ఓడలేదు. మొదట్లో మీసం దువ్వుకున్నాడు. తర్వాత మనసులో పురుగు తొలిచింది. బరువులెత్తొద్దన్నారు కాబట్టి ఇంజన్ల పని ఎలాగూ పోయింది. తను ఇంకా మనిషే అనిపించేది ఆ బల్ల దగ్గరే. ఆ గెలుపూ దానమేనా?

ఆ ఉదయం కావాలనే తన రథాన్ని సాంగ్ ఫిరంగి గురిలో పెట్టాడు. పసిపిల్లాడైనా కొట్టేస్తాడు. సాంగ్ గొంతు సవరించుకుని, ఎక్కడో మూలనున్న బంటును జరిపాడు.

"దొరికావురా దొంగ వెధవా! రథం కనపళ్లేదా? ఎన్నాళ్లనుంచి ముష్టి వేస్తున్నావు? క్వేన్ చెప్పిందా?"

టిక్కుటిక్కు జోరందుకుంది. సాంగ్ చూపు లోక్ చొక్కా మీదే ఉంది.

"అదుగో, రోజూ అదే వింటున్నావు కదూ!"

"ఎవరూ చెప్పలేదురా," అన్నాడు సాంగ్, మొహం పాలిపోయి. "ఆ రోజు నేను చెక్ అన్నాను, నువ్వు బల్లమీద ఒరిగిపోయావు. అప్పట్నుంచీ ఆ మాట నోటికి రావట్లేదు."

లోకంలో అందర్నీ అనుమానించిన లోక్‌కి ఇది మాత్రం తట్టలేదు.

"నీ మొహం! కవాటం మూసుకుపోయి పడ్డానని డాక్టరు చెప్పలా?" అని కసిరాడు. నిజానికి డాక్టరు చెప్పినప్పుడు తనే నమ్మలేదు.

సాంగ్ జరిపిన బంటును లోక్ తనే వెనక్కి పెట్టి, "ఆడు," అన్నాడు.

రథం పోయింది. ఇంకో నాలుగెత్తులకి లోక్ రాజుకి తప్పించుకునే దారి లేకపోయింది. సాంగ్ పెదాలు తడుపుకుని, "చెక్," అని గొణిగాడు.

"వినపళ్లేదు."

"చెక్‌రా!"

ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. టిక్కు, టిక్కు, టిక్కు. అది ఆగలేదు.

"ఓడిపోయాను," అన్నాడు లోక్, మూణ్నెల్ల తర్వాత మొదటిసారి హాయిగా. "నేను బతికే ఉంటే ఏడుస్తావేంరా? పావులు పేర్చు."