సువాసిని పీట మీద చిట్టెమ్మ

చిట్టెమ్మకు గౌరవమంటే పిచ్చి. అరకు కొండల్లో కాఫీ పళ్లు కోసే ఆడవాళ్ల మీద మేస్త్రీగా ఉండేది. మేస్త్రీ హోదాకని కొన్న చెప్పులు ఎండలో కూడా చేత్తో పట్టుకుని నడిచేది, అరిగిపోతాయని. అంత అపురూపం ఆమెకు మర్యాదంటే.

తోట ఆఫీసరు భార్య సత్యకుమారి గారిది విజయనగరం వైపు. నవరాత్రుల్లో రోజుకో సువాసినిని పీట మీద కూర్చోబెట్టి, కాళ్లకు పసుపు రాసి, అమ్మవారిగా పూజించడం ఆవిడ పుట్టింటి ఆనవాయితీ. క్వార్టర్సులో ముత్తయిదువులు చాలక, 1974 దసరాల్లో అష్టమినాడు చిట్టెమ్మకు పిలుపొచ్చింది.

పసుపు రాస్తూ సత్యకుమారి గారు చెప్పారు.

"సువాసిని అంటే భర్త బతికున్న ఆడది. ఈ పూట నువ్వే దేవివి. నీ పసుపుకుంకాలకు ఎన్నడూ లోటు రాలేదు కదా, చిట్టెమ్మా?"

వచ్చింది. మొదటి మొగుడు గాసి జ్వరంతో పోయాడు. తర్వాత అతని తమ్ముడు సోంబరు ఆమెకు మళ్లీ గాజులు వేయించాడు. అన్న పోతే వదినను మరిది చేసుకోవడం కొండల్లో మర్యాదే. ఎవరూ చెవులు కొరుక్కోరు. ఆ మాటే చెప్పొచ్చు. కానీ చెబితే పీట మీంచి లేవాలి. అమ్మగారు కాళ్లు పట్టుకున్నాక ఎవరికి మాత్రం లేవబుద్ధవుతుంది?

"నేదమ్మగారూ. నాకు పెనిమిటి ఒక్కడే."

తలెత్తితే, అరిటాకులు తెచ్చిన సోంబరు వసారాలో నిలబడి ఉన్నాడు. సత్యకుమారి గారు వంగి మొక్కుతుంటే చిట్టెమ్మ సిగ్గుతో చితికిపోయింది. కాళ్లు వెనక్కి లాక్కోవాలనిపించింది, లాక్కోలేదు.

ఇంటి దారిలో ఆమే అడిగింది.

"ఏటి, మాటాడవు?"

"ఏటుంది? నాను నీ మొగుడినే. మా అన్న నీకేటీ కాడా?"

ఆమె పసుపు కాళ్లకేసి చూసుకుంటూ నడిచింది.

ఆ నెలలోనే కొత్తల పండగ. కొత్త సామలు వండాక, పోయినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ముద్ద పెట్టాలి. ఆ తర్వాతే బతికున్నవాళ్లు తినాలి. గాసిని ఏటా చిట్టెమ్మే పిలిచేది. ఈసారీ ఆకులో ముద్ద పెట్టి కూర్చుంది. ఎంతసేపటికీ ఆమె నోట పిలుపు రాలేదు. ఏ మొహంతో పిలుస్తుంది? పిల్లలు ఆకలంటున్నారు. సోంబరు ఆమెను కసరలేదు. పక్కన కూర్చుని మెల్లగా పిలిచాడు.

"అన్నా, రా, కూడు తిను. నీ పెళ్లానికి సిగ్గేత్తంది."