నాలుగు గంటలని చెప్పిన సారు

మా భూగోళం సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్నే అమ్మ మా ఊరు పాన్‌గల్ నుంచి ఫోన్ చేసి, "సారు సచ్చిపోయిండంట" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఇరవై ఏళ్లుగా అమ్మ నోట ఆయన ఊసే వినలేదు నేను. ఎందుకో మీకు చెప్పాలి.

సారు మాకు రెండిళ్ల అవతల ఉండేవారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ దారపు ఉండ ఉండేది. గ్లోబు మీద దారం పరిచి ఊళ్ల మధ్య దూరం కొలవడం మాకు నేర్పారు. "అందాజకు చెప్పకుండ్రి, కొలిచినంక చెప్పుండ్రి" అనేవారు.

వరసగా రెండేళ్లు వానల్లేక మా బోరు ఎండిపోయింది. అన్న దుబాయి పోతానన్నాడు. "కంటికి కానరాని దేశం, నేను పంప" అని అమ్మ మొండికేసింది. అన్న సారును పిలుచుకొచ్చాడు. సారు బడి గ్లోబు తెచ్చి అమ్మ ముందు పెట్టి, హైదరాబాదు నుంచి దుబాయి దాకా దారం పరిచారు.

"రెండున్నర వేల కిలోమీటర్లుంటదక్కా. విమానంల నాలుగు గంటలు. మనం బస్సెక్కి పట్నం పోయేంత సేపే. ఏమన్నయితే తెల్లారేసరికి ఇంట్ల ఉంటడు."

అమ్మ ఆ దారాన్ని చాలాసేపు చూసింది. సరేనంది.

ఎనిమిదో నెలలో అన్న, కడుతున్న బిల్డింగు మీది నుంచి పడి చనిపోయాడు. మాకు ఫోను లేదు. కబురు సారు ఇంటికే వచ్చింది. ఆయన చెప్పుల్లేకుండా మా గడపలోకి వచ్చి, "అక్కా, జర కూసో" అన్నారు. ఆ గొంతుతోనే మాకు తెలిసిపోయింది.

శవం రావడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఒక కాగితం వస్తే ఇంకో ముద్ర లేదనేవారు. సారు సెలవు పెట్టి పట్నంలో ఆఫీసులన్నీ తిరిగారు. తిరిగొచ్చిన ప్రతిసారీ అమ్మ ఒకటే అడిగేది: "నాలుగు గంటలే అంటివి గద సారూ?"

ఆయన సంచిలోంచి కాగితాలు తీసి, ఇంకా ఏ ముద్ర కావాలో చెప్పేవారు. ఒక్కరోజు మాత్రం, "అది విమానం వచ్చే టైమక్కా. మనిషి వచ్చే టైము నాకు తెల్వకపాయె" అన్నారు.

బేగంపేట విమానాశ్రయంలో సంతకం పెట్టి పెట్టెను తీసుకున్నది ఆయనే. వ్యానులో వెనక కూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా పెట్టె కదలకుండా రెండు చేతులా పట్టుకున్నారు. ఆ రోజు నుంచి అమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఆయన వీధిలో కనిపిస్తే లోపలికి పోయేది.

నాకూ కోపం ఉండేది. కానీ ఆయన క్లాసులోనే కూర్చునేదాన్ని కదా. ఆ తర్వాత ఆయన దూరం మాత్రమే చెప్పేవారు. "ఎంతసేపు పడ్తదో నన్ను అడగొద్దు బిడ్డా" అనేవారు. గద్వాల నుంచీ నాగర్‌కర్నూల్ నుంచీ, తమవాళ్లు దుబాయిలో చనిపోయిన కుటుంబాలు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవి. సారు కాగితాలు సంచిలో వేసుకుని వాళ్లతో ఆఫీసులకు వెళ్లేవారు. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆ మాట ఆయనకు చెప్పనే లేదు.

ఫోన్ వచ్చిన రోజు నేను ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. సారును ఆయన ఇంటి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. మానవపాడు నుంచి కూడా ఆయన సాయం పొందినవాళ్లు వచ్చారు. తల దగ్గర అమ్మ కూర్చుని ఉంది. అందరికంటే ముందే వచ్చిందని సారు భార్య చెప్పింది. ఆయన ముఖం మీద ఈగలు వాలకుండా కొంగుతో విసురుతోంది.

పాడె ఎత్తారు. వాకిలి దాటి, వీధి మలుపు తిరిగారు. ఖాళీ చాప మీద అమ్మ ఇంకా కొంగుతో విసురుతూనే ఉంది.