తుడుపు మాస్టారు చూసింది

ఆ గోదాములో అందరి పనికీ ఒక పేరుంది, ఆయన పనికి తప్ప. జీతం చీటీ మీద "సహాయకుడు" అని ఉండేది. ఎవరికి సహాయం, దేనికి సహాయం అన్న సంగతి చీటీ రాసినవాళ్ళకూ తెలిసినట్టు లేదు.

అసలు పని ఇదీ. గోదాము మూలమూలనా కెమెరాలున్నాయి. ఒక్కో కెమెరా కడుపులో గోరంత మెమరీ కార్డు ఉంటుంది. అది నిండిందంటే కెమెరా కళ్ళుండీ కబోదే. అందుకని వారానికోసారి ఆయన స్టూలు భుజాన వేసుకుని తిరిగి, నిండిన కార్డులు ఊడదీసి, ఖాళీవి పెట్టేవాడు. ఊడదీసినవాటిని మెట్ల కింద గదిలోని కంప్యూటరుకు ఒక్కొక్కటిగా గుచ్చి, ఫార్మాట్ చేసి, మళ్ళీ వాడకానికి సిద్ధం చేసేవాడు. స్థూలంగా చెప్పాలంటే, జరిగినదాన్ని వారానికోసారి జరగనట్టు చేయడం ఆయన ఉద్యోగం. ఇంత అధికారం చక్రవర్తులకు కూడా ఉండదు. ఆయన దాన్ని ఏ గర్వమూ లేకుండా, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ నిర్వహించేవాడు.

హమాలీలు ఆయనకు "తుడుపు మాస్టారు" అని పేరు పెట్టారు. మాస్టారన్నందుకు సంతోషించి, తుడుపన్నది ఆయన పట్టించుకోలేదు.

తుడవడంలో ఆయనకొక సిద్ధాంతం ఉంది. ఫార్మాట్ అనగానే తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో కింద, క్విక్ ఫార్మాట్ అన్న మాట పక్కన, ఎవరూ అడక్కుండానే ఒక టిక్కు పెట్టి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచితే కార్డు రెప్పపాటులో ఖాళీ అవుతుంది. అయినట్టు కనిపిస్తుంది, అంతే. వీధిలో ఇళ్ళ నంబర్లన్నీ చెరిపేశామనుకోండి, ఇళ్ళెక్కడికి పోతాయి? వెతకడం తెలిసినవాడు తలుపు తట్టి మరీ పట్టుకుంటాడు. అదే టిక్కు తీసేస్తే, కంప్యూటరు మొదటి ఇంటి దగ్గర మొదలుపెట్టి పునాదులతో సహా చదును చేసుకుంటూ పోతుంది. దానికి చాలాసేపు పడుతుంది. మాస్టారు ఎప్పుడూ టిక్కు తీసేసేవాడు.

"గిన్నె తోమేటప్పుడు, అడుగు ఎవరు చూస్తార్లే అని వదిలేస్తామా?" అనేవాడు.

"ఇంట్లో ఒక్క గిన్నె తోమి అప్పుడు చెప్పండి ఆ మాట," అనేది భార్య.

రెండో సిద్ధాంతం ఇంకా కఠినమైనది. తుడిచేవాడు చూడకూడదు. ఎవరు ఏ మూల కునుకు తీశారో, ఎవరు ఎవరితో గుసగుసలాడారో కార్డులో ఉంటుంది. కానీ అన్నేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క కార్డు కూడా తెరిచి చూసిన పాపాన పోలేదు. చాకలికి మడత విప్పి చూసే పనేముంది అనుకునేవాడు.

ఆ సిద్ధాంతం బామ్మర్ది వల్ల మట్టి కరిచింది.

బామ్మర్ది అంటే భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. అదే గోదాములో హమాలీ. ఆ పనిలో పెట్టించింది కూడా మాస్టారే. బామ్మర్ది బావ బతుకు కోరతాడని సామెత. ఇతను బతుకుతో పాటు బావ టిఫిన్ డబ్బా కూడా కోరేవాడు. రోజూ మధ్యాహ్నం మెట్ల కింద గదిలోకి దూరి, "ఏం బావా, ఇవాళ ఎవరి చరిత్ర నాశనం చేశావు?" అని అడిగి, సగం డబ్బా ఖాళీ చేసి పోయేవాడు.

అలాంటివాడు సరుకుల లిఫ్టు గుంతలో పడిపోయాడు. పై అంతస్తులో లిఫ్టు గేటు తెరుచుకుంది. లోపల లిఫ్టు లేదు. తొడ ఎముక, నడుమూ విరిగాయి. ప్రాణం మాత్రం, దాని అదృష్టమో ఇతని మొండితనమో, ఒంట్లోనే ఉండిపోయింది.

ఆసుపత్రికి వంతులు వేసుకుని వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేలోపే కంపెనీ ఒక నిర్ణయానికి వచ్చేసింది. లిఫ్టు రాకుండా ఆ గేటు తెరుచుకోదు. కాబట్టి ఇతనే తొందరపడి ఇనుప రాడ్డుతో గేటు పెకలించాడు. కాబట్టి తప్పు ఇతనిది. విచారణ పెట్టి ఉద్యోగం తీసేస్తారు, ఆ పైన గేటు విరగ్గొట్టినందుకు కేసు. తెలుగులో "కాబట్టి" అన్న మాటకు ఇంత బలం ఉందని మాస్టారికి ఆ రోజే తెలిసింది.

"నేను చెయ్యి మాత్రమే వేశాను బావా," అన్నాడు బామ్మర్ది, మంచం మీద కదల్లేక కళ్ళు మాత్రం తిప్పుతూ. "అదే తెరుచుకుపోయింది. ఎదురుగా కెమెరా ఉంది కదా. నీ కార్డులో ఉంటుంది. రాడ్డుతో కొట్టిన ముఖమో కాదో చూడు."

"ఈయన చూడరుగా, వ్రతభంగం అవుతుంది," అంది భార్య. ఆ మాటలో ఎప్పటి వెటకారం లేదు. ఏడుపూ లేదు. మాస్టారికి అదే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ కెమెరా కార్డు ఊడదీసి, గది తలుపు దగ్గరగా వేసి, వ్రతభంగం చేశాడు.

బామ్మర్ది ఈల వేస్తున్నట్టు మూతి పెట్టి బండి తోసుకుంటూ వచ్చాడు. చేతిలో రాడ్డు లేదు. గేటు మీద అరచెయ్యి ఆనించాడు. అది పరిచయస్తుల ఇంటి తలుపులా మర్యాదగా తెరుచుకుంది. సరుకు జారకుండా వెనక్కి చూసుకుంటూ ఒక అడుగు వేశాడు. తర్వాత తెర మీద బండి మాత్రమే ఉంది.

మాస్టారు అక్కడితో ఆపాల్సింది. చూడటం అలవాటు లేనివాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. వెనక్కి జరిపాడు. అంతకు ముందు రోజు సాయంత్రం అదే గేటు దగ్గర మేనేజరు ఒక్కడే నిలబడి ఉన్నాడు. వేలితో గేటును తోశాడు. తెరుచుకుంది. మూశాడు. మళ్ళీ తోశాడు. మళ్ళీ తెరుచుకుంది. లోపలికి వంగి చీకటి గుంతలోకి కాసేపు చూశాడు. తర్వాత గేటు దగ్గరగా లాగి, రుమాలుతో వేలు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ కార్డును కాపీ చేద్దామంటే కంప్యూటరు పాస్‌వర్డ్ అడుగుతుంది, అది పై అంతస్తు ఆఫీసువాళ్ళ దగ్గరుంటుంది. ఆ గోదాములో ఒకదాన్ని దాచాలంటే అనుమతి కావాలి, చెరపాలంటే అక్కర్లేదు. తెర ఫోటో తీద్దామంటే ఫోన్లన్నీ గోదాము మెయిన్ గేటు దగ్గర డబ్బాలో ఉంటాయి. జేబులో వేసుకుపోదామంటే వెళ్ళేటప్పుడు జేబులు తడిమి పంపుతారు. సరే, విచారణ రోజు దాకా కార్డు ఇక్కడే క్షేమంగా ఉంటుందిలే అనుకుని సొరుగు లాగబోతుండగా తలుపు తెరుచుకుంది.

మేనేజరు ఆ గదికి రావడం అదే మొదలు. రెండు చేతుల్లో రెండు టీ కప్పులున్నాయి.

"తీసుకోండి మాస్టారూ. మీ బామ్మర్ది సంగతి విని నిన్నంతా మనసు మనసులో లేదు."

పై అధికారి అరిస్తే పని చెడిందని అర్థం. టీ తెచ్చాడంటే మనిషి చెడబోతున్నాడని అర్థం. మాస్టారు కప్పు అందుకున్నాడు.

"ఈ వారం కార్డులన్నీ తీశారా? లిఫ్టు దగ్గరిది?"

"తీశానండి."

"చూడలేదు కదా?"

"నేను చూడనండి. ఎప్పుడూ చూడను." ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! నిన్నటి దాకా అది నిజం కావడం వల్ల కాబోలు.

"మీరు బంగారం మాస్టారూ. అయితే అది తుడిచేయండి. నేనిక్కడే కూర్చుంటాను, నాక్కూడా ఈ పని ఎలా చేస్తారో చూడాలని ఎప్పటి నుంచో సరదా." స్టూలు లాక్కుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

మాస్టారికి ఒక్కసారి బుర్రలో దీపం వెలిగినట్టయింది. టిక్కు ఉంచేస్తే సరి! క్విక్ ఫార్మాట్. కార్డు ఖాళీగా కనిపిస్తుంది, ఈయన సంతోషంగా లేచి వెళ్తాడు. కార్డు పాడైందని చెప్పి పక్కన పెట్టేస్తే, మళ్ళీ కెమెరాలోకి వెళ్ళదు. దానిలోని ఇళ్ళన్నీ ఇళ్ళలాగే ఉంటాయి. వెతికేవాడిని తర్వాత వెతుక్కోవచ్చు. జీవితంలో మొదటిసారి పని సగం చేయబోతున్నందుకు ఆయనకు ఒళ్ళు పులకరించింది.

కార్డు గుచ్చాడు. తెర మీద దాని గుర్తు వచ్చింది. దాని మీద మౌసు నొక్కి, ఫార్మాట్ అన్నాడు. పెట్టె తెరుచుకుంది.

"మీ అక్కయ్యగారు బాగున్నారా?" అని అడిగాడు మేనేజరు.

మాస్టారికి అక్కయ్యే లేదు. అదే చెప్పడానికి తల అటు తిప్పాడు. "లేరండి, నేనొక్కడినే," అంటుండగా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. టిక్కు తీసింది. స్టార్ట్ నొక్కింది. అంతా పోతుంది, సరేనా అని కంప్యూటరు అడిగితే, సరే అంది.

తల మళ్ళీ ఇటు తిప్పేసరికి ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతోంది. రెప్పపాటులో అయిపోవాల్సింది అయిపోలేదు. మాస్టారికి ఆ గీత ఎందుకలా నిదానంగా వెళ్తోందో అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. ఆపడానికి ఒక బటన్ ఉంది. మౌసు బాణం కూడా దాని మీదే ఉంది. వేలు కదలాలి. మోకాలికి ఇంకో మోకాలు ఆని ఉంది.

"ఎప్పుడూ ఇంతసేపు పడుతుందా?"

"శుభ్రంగా చేస్తేనండి," అన్నాడు మాస్టారు.

"పనంటే అలా చెయ్యాలి." మేనేజరు టీ తాగుతూ, గీత ఆ చివరికి చేరేదాకా సినిమా చూసినట్టు చూశాడు. ఫార్మాట్ పూర్తయిందని కంప్యూటరు చెప్పాక లేచి, మాస్టారి భుజం తట్టి, కార్డు ఊడదీసి తన జేబులో వేసుకున్నాడు. ఆయన జేబులు ఎవరూ తడమరు.

సాయంత్రం ఆసుపత్రిలో మాస్టారు మంచం పట్టె పట్టుకుని నిలబడి, ఒక్క ముక్కలో చెప్పేశాడు. "తుడిచేశాను."

భార్య తమ్ముడి దుప్పటి సర్దుతున్నదల్లా ఆగింది. "ఎవరు చెప్తే?"

"మేనేజరు. సగమే తుడుద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు."

"నోరు వినదు, చెయ్యి వినదు. మీ ఒంట్లో మీ మాట వినేదేదైనా ఉందా?"

బామ్మర్ది పైకప్పు మీది చూపు బావ మీదికి తిప్పాడు. "తుడిచే ముందు చూశావా బావా?"

"చూశాను. రాడ్డు లేదు. చెయ్యి ఆనించావు, అంతే. ముందు రోజు మేనేజరు వచ్చి ఆ గేటు తోసి చూశాడు. తెలిసే వదిలేశాడు."

"అయితే ఇంకేం, ఉందిగా," అన్నాడు బామ్మర్ది. "నీలో ఉంది. వెళ్ళి చెప్పు."

అంత తేలిక అయినట్టు అన్నాడు. మాస్టారు మాత్రం అక్కడి నుంచి ఇంటి దాకా, వెనక ఎవరో వస్తున్నట్టు నడిచాడు. ఇక ఆ కార్డులోది మిగిలిన చోటు లోకంలో ఒక్కటే. అది తన మెడ మీద ఉంది.

విచారణ పై అంతస్తు గదిలో జరిగింది. పెద్దాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. తీరైన మనిషి, మాట మాత్రం కొలిచినట్టు ఉంది. కార్డు ఏదని అడిగింది.

"వారం వారం తుడిచేస్తామండి," అన్నాడు మేనేజరు. "అది మా మాస్టారి డ్యూటీ."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "తుడిచానండి. కానీ ముందే చూశానండి."

మేనేజరు జాలిగా నవ్వాడు. "చూడలేదని మొన్న నాతో చెప్పారు కదా మాస్టారూ. పోనీ, చూశారనే అనుకుందాం. సొంత బామ్మర్ది ఉన్న కార్డు. మంచి ఉంటే దాచుకుంటారు గానీ, పునాదులతో సహా ఎవరైనా తుడుస్తారా? అందులో ఏముందో మీ తుడుపే చెప్తోంది."

ఆ మాటలో పొరపాటు ఎక్కడుందో మాస్టారికి తెలుసు. నోటితో దాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఇప్పుడు కూర్చుంటే బామ్మర్ది ఒక్కడి ఉద్యోగమే పోతుంది. నిలబడితే ఏమేం పోతాయో ఆ నవ్వులోనే కనిపిస్తోంది.

"మీరు చూసింది మొదటి నుంచి చెప్పండి," అంది ఆవిడ.

"మొదలంటే ముందు రోజు సాయంత్రమండి," అన్నాడు మాస్టారు. "ఆ గేటు దగ్గర వీరు ఒక్కరే ఉన్నారు. ఎడమ చేతి వేలితో తోశారు."

నీళ్ళ గ్లాసు ఎత్తబోయిన మేనేజరు దాన్ని బల్ల మీదే వదిలేశాడు. నెమ్మదిగా లేచి, మాస్టారి వెనగ్గా నడిచి, గది తలుపు మూశాడు. తిరిగి వచ్చి కూర్చోలేదు. అక్కడే, వెనక, నిలబడిపోయాడు.

"ఊఁ, చెప్పండి," అంది ఆవిడ.

మాస్టారు వెనక్కి తిరగకుండా చెప్పడం మొదలుపెట్టాడు.